పెరటి కోళ్లకు పగటి దొంగలు

రాత్రి గూటికి గొళ్లెం పెడితే చాలనుకునేవారు మా అత్తగారు. గుడ్ల డబ్బే ఆవిడ చేతిఖర్చు. ఒక మధ్యాహ్నం ముంగిస దూరి ఆరు వనరాజా పిల్లలను చంపేసింది. అడవిపిల్లి, పునుగుపిల్లి చీకట్లో వస్తాయి. ముంగిస, గద్ద మాత్రం పగలే తిరుగుతాయి.

మామూలు కోళ్ల వల కోడిని లోపల ఉంచుతుందే కానీ, కుక్క దాన్ని చీల్చేస్తుంది. అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ వేయించండి. దాని అంచును గూటి చుట్టూ అడుగు వెడల్పున బయటికి పరచి మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది కనుక గోళ్లకు మెష్షే తగులుతుంది. పిల్లలు ఎదిగేదాకా గంప కిందే మేత. గుడ్లు సాయంత్రానికల్లా తీసేస్తే పాముల బెడదా తగ్గుతుంది.

పెరటికోళ్ల రుణ దరఖాస్తుల్లో పిల్లల ఖర్చు పైసలతో సహా రాస్తారు. గూటి మెష్‌కు లెక్కే ఉండదు. ఇప్పుడు నేనే అడిగి మరీ రాయిస్తున్నాను.