ఫ్యూజ్ మళ్ళీ మళ్ళీ పోతోందా? పాత బండి వైరింగ్‌ని భద్రంగా పట్టుకునే పద్ధతి

ఈ ఎపిసోడ్‌లో పాత బండ్లను బాగుచేసుకోవడం గురించి మాట్లాడాను. వైరింగ్ సంగతి చెవితో వింటే గుర్తుండదు, ఫోన్ పక్కన పెట్టుకుని చూసుకుంటూ చేయాలి. అందుకే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మనలో చాలామందికి ఊళ్ళో ఒక బండి ఉంటుంది. నాన్న నడిపిన స్ప్లెండరో, మనం గల్ఫ్ రాకముందు కొన్నదో. రెండేళ్ళు రేకుల షెడ్డులో నిలబడి ఉంటుంది. ఛుట్టీ మీద పోయినప్పుడు దాన్ని లేపుదామని కూర్చుంటాం. కిక్ కొడితే ఇంజిన్ లేస్తుంది గాని హారన్ లేదు, ఇండికేటర్లు లేవు. ఫ్యూజ్ మారిస్తే అదీ పోతుంది. అప్పుడు పక్కన నిలబడ్డ ఒకాయన, "సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టు, నడుస్తది" అంటాడు. నిజంగానే హారన్ మోగుతుంది. మనం ఫ్లైట్ ఎక్కి వచ్చేస్తాం. ఆ బండి మీద రాత్రిపూట తిరిగేది మన తమ్ముడో, కొడుకో.

ఫ్యూజ్ ఉన్నది వైరును కాపాడటానికి. వైరు ఎక్కడో రాసుకుపోయి, గుంతలో పడ్డప్పుడల్లా బాడీకి తగులుతుంటే ఫ్యూజ్ కాలిపోయి సప్లై ఆపుతుంది. కాగితం చుడితే ఆ పని ఎవరూ చేయరు. వైరే ఎర్రగా కాలుతుంది, పైనున్న ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ వైర్లన్నీ పోయేది పెట్రోల్ ట్యాంకు కింద నుంచే. ఫ్యూజ్ పోతే అదే రేటింగ్‌ది ఒక్కసారి వేసి చూడండి. రెండోసారి కూడా పోతే ఆపి, తప్పు ఎక్కడుందో వెతకాలి.

చెయ్యి పెట్టే ముందు

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివాను, ఇప్పుడు ఖతార్‌లో సైట్ సూపర్వైజర్‌ని. సైట్‌లో ప్యానెల్ తెరవాలంటే బ్రేకర్ ఆపి, తాళం వేసి, ట్యాగ్ కట్టి, తాళంచెవి జేబులో వేసుకుంటాం. తరువాత మీటరుతో చూసి, కరెంటు లేదని తేలాకే చెయ్యి పెడతాం. బండికీ అదే నియమం.

పాత స్ప్లెండర్ లాంటి బండ్లలో సప్లై రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి బ్యాటరీ, రెండోది ఇంజిన్‌లోని మాగ్నెట్ కాయిల్. స్పార్క్‌కి, హెడ్‌లైట్‌కి కరెంటు కాయిల్ నుంచే వస్తుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు బ్యాటరీ మీద నడుస్తాయి. అంటే బ్యాటరీ విప్పేసినా కిక్ కొడితే స్పార్క్ వస్తుంది. కాబట్టి బ్యాటరీ నెగటివ్ విప్పడంతో ఆగకుండా, కీ తీసి జేబులో వేసుకోండి. చిన్న పిల్లలు వచ్చి కిక్ తొక్కే ఇల్లు మనది.

బ్యాటరీలో ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు నెగటివ్ చివర బిగించాలి. పాజిటివ్ ముందు విప్పబోతే స్పానర్ ఛాసిస్‌కి తగిలి పెద్ద మెరుపు వస్తుంది. ఉంగరం, కడెం, వాచీ తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవు గాని, ఉంగరం మధ్యలో పడి షార్ట్ అయితే వేలు కాలుతుంది. పెట్రోల్ కాక్ మూసి, బండిని గాలి ఆడే చోట పెట్టండి. బీడీ, సిగరెట్ వద్దు. పక్కన ఒక బకెట్ పొడి ఇసుక ఉంచుకోండి. పెట్రోల్ అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట పాకుతుంది.

నల్ల వైరు మోసం చేస్తుంది

ఇంటి వైరింగ్ చేసినవాళ్ళు నల్ల వైరు చూడగానే న్యూట్రల్ అనుకుంటారు. హోండా పద్ధతి వైరింగ్‌లో అలా కాదు. ఎరుపు బ్యాటరీ పాజిటివ్. నలుపు కీ ఆన్ చేశాక వచ్చే పాజిటివ్. ఆకుపచ్చ ఎర్త్. నలుపును తీసుకెళ్ళి బాడీకి కలిపితే నేరుగా షార్టే. పైగా పాత బండిలో ఏ మెకానిక్ ఏ రంగుకు ఏది అతికాడో తెలియదు. రంగు చూసి ఊహించండి, మీటరుతో చూశాకే నమ్మండి.

బల్బుతో షార్ట్ పట్టుకోవడం

ఒక 12 వోల్టుల 21 వాట్ల బల్బు, హోల్డర్ తీసుకోండి. ఫ్యూజ్ తీసేసి, ఆ రెండు కొసల మధ్య ఈ బల్బు కలపండి. ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ బిగించండి. షార్ట్ ఉన్నా లైనులో సుమారు 1.75 ఆంపియర్లకు మించి పోదు, వైరు కాలదు. ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయొద్దు.

కీ ఆఫ్‌లోనే బల్బు నిండుగా వెలిగితే తప్పు కీ స్విచ్‌కి ముందే ఉంది. రెగ్యులేటర్ కనెక్టర్ విప్పి చూడండి. ఆరిపోతే రెగ్యులేటరే, ఆరకపోతే కీ దాకా పోయే వైరు.

తరువాత బండిని గేరులో పెట్టి కీ ఆన్ చేయండి. ఏ స్విచ్చీ నొక్కకుండానే నిండుగా వెలిగితే నల్ల వైరు లైనులో షార్ట్. వెలగకపోతే ఇండికేటర్, బ్రేక్, హారన్ ఒక్కొక్కటి నొక్కండి. కొద్దిగా వెలగడం మామూలే. నిండుగా వెలిగితే ఆ హారన్ లేదా ఇండికేటర్ కనెక్టర్ విప్పి మళ్ళీ నొక్కండి. ఇంకా వెలుగుతోందంటే తప్పు ఆ వైరులోనే.

బల్బు వెలుగుతుండగా హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పండి. ట్యాంకు కింద, సీటు కింద, వెనక మడ్‌గార్డ్ దగ్గర వైరు కట్టను మెల్లగా కదపండి. బల్బు ఆరిన చోట ఆగండి. ఎక్కువగా రాసుకునేది ఈ చోట్లే. షెడ్డులో నిలిచిన బండి అయితే ఎలుకలు కొరికిన చోట్లు కూడా చూడండి.

దొరికాక నెగటివ్ విప్పి అతకండి. మెలిపెట్టి టేపు చుడితే ఒక్క వర్షాకాలం ఆగుతుంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి, వైరు మళ్ళీ ఇనుముకు రాసుకోకుండా పక్కకు కట్టండి. తరువాతే అసలు ఫ్యూజ్, పెట్టె మీద ఎంత రాసి ఉంటే అంతే.

షార్ట్ కాకపోతే

ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మసకగా మినుకుతోందా? అది ఎర్త్ సరిగా లేకపోవడం. ఆకుపచ్చ వైరు బోల్టు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించండి.

ఫ్యూజ్ సరిగా ఉండి హారన్ నీరసంగా మోగితే బ్యాటరీ కొలవండి. నిండిన బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపించాలి, 12 కంటే తక్కువైతే దిగిపోయినట్టే. ఇంజిన్ కాస్త రేస్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, అది బ్యాటరీని ఉడకబెడుతుంది. వోల్టేజ్ కొలిచేటప్పుడు మీటరు ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండకూడదు. అక్కడ ఉంటే మీటరే షార్ట్ అవుతుంది.

స్పార్క్ చూడాలంటే ఇంజిన్‌లోని ప్లగ్ అలాగే ఉంచి, వేరే ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి ఇంజిన్ ఇనుముకు ఆనించి చూడండి. ప్లగ్ విప్పిన రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, పక్కనే నిప్పు పుట్టించకూడదు. క్యాప్ చేత్తో పట్టుకోవద్దు, అక్కడ వేల వోల్టులు.

ఇక్కడ క్యాంపులో కూర్చుని వీడియో కాల్‌లో తమ్ముడితో చేయించేవాళ్ళకి ఒక మాట. ఒకసారికి ఒక్క పనే చెప్పండి. ప్రతి పని ముందు "కీ ఎక్కడుంది?" అని అడిగి, వాడు జేబులోంచి తీసి చూపించాకే ముందుకు పోండి. వైరు ఎక్కడైనా వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా నెగటివ్ తీసేయమనండి. మిగతాది రేపు చూసుకోవచ్చు.