షాబాద్ బండ ఎందుకు చల్లగా ఉంటుంది?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పాత ఇళ్లలో ఎండాకాలం మధ్యాహ్నం షాబాద్ బండల మీద పడుకుంటే ఎంత హాయో! నిజానికి నీడలో ఉన్న బండ, పక్కనున్న చెక్కపీట దాదాపు ఒకే వేడితో ఉంటాయి. కానీ రాయి మన ఒంటి వేడిని చప్పున లాగేసుకుంటుంది, చెక్క అంత వేగంగా లాగలేదు. అందుకే రాయి చల్లగా తగులుతుంది.

తాండూరు నుంచి, కర్ణాటకలోని షాబాద్ నుంచి వచ్చే ఈ బండలు సున్నపురాయి. విరిగిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నటి బుడగలొస్తాయి, మరక పడుతుంది. నిమ్మరసంలో ఉన్నదీ యాసిడే, కాబట్టి వీటిని యాసిడ్‌తో కడగొద్దు.

ఇక బండలకు బదులు నున్నటి టైల్స్ వేస్తే, హాల్లో బాగుంటాయి. స్నానాల గదిలో మాత్రం వద్దు. కాలికీ టైల్‌కీ మధ్య నీటిపొర చేరితే పట్టు తప్పుతుంది. నానమ్మ, తాతయ్య ఉన్న ఇంట్లో స్నానాల గదికి గరుకు బండలే వేయించాలి.