తడి తప్పితే ఎర్రలు దక్కవు

వానపాముల ఎరువు మడి వేసిన రైతు దెబ్బతినేది వేసవిలోనే. డబ్బు పోసి కొన్న ఎర్రలు వారంలో మాయమవుతాయి. ఎర్ర చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఆ చర్మం ఎండితే చావే. అలాగని ఎండకు భయపడి బిందెలకొద్దీ కుమ్మరిస్తే అడుగున గాలాడక మడి కుళ్లి కంపు కొడుతుంది, ఎర్రలు గోడలెక్కి పారిపోతాయి. మన రైతులు చేసే పొరపాటు ఎక్కువగా ఇదే.

తడి చూడటానికి యంత్రాలేవీ అక్కర్లేదు. బెత్తెడు లోతునుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండాలి. ముద్దకట్టి, వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రాలితే సరి. ధార కారితే నీళ్లు ఆపి పైపొర గుల్లచేయాలి. పొడిగా రాలిపోతే చిల్లుల డబ్బాతో చిలకరించాలి. పైన తడి గోనెసంచులు, తాటాకు పందిరి తప్పనిసరి. పచ్చిపేడ వేస్తే మాత్రం ఎంత తడిపినా వేడి తగ్గదు. 15 రోజులైనా మాగిన పేడే వాడాలి.

ఎరువు తీసేముందు 3, 4 రోజులు తడి మానేస్తే ఎర్రలు అడుగుకు దిగుతాయి. అప్పుడు పైది ఎత్తుకోవచ్చు.