4.3 వేలిముద్ర పడనప్పుడు: వృద్ధుల సంరక్షణలో సాంకేతికత

వృద్ధుల సంరక్షణలో సాంకేతికత అనగానే, మనిషి కింద పడితే కబురందించే చేతి గడియారాల వంటివి మీకు గుర్తుకు రావచ్చు. అవి నగరాల్లోని ఖరీదైన వృద్ధాశ్రమాల సంగతి. పోచంపాడ్ నుంచి బోధన్ దాకా ఉన్న పల్లెల్లో వృద్ధులకు తరచుగా ఎదురయ్యే యంత్రం వేరు. అది పింఛను ఇచ్చేచోట ఉండే వేలిముద్ర యంత్రం. మందులు, పాలు, ఆస్పత్రికి ఆటో కిరాయి ఆ డబ్బుతోనే గడుస్తాయి కనుక దీన్ని కూడా సంరక్షణలో భాగంగానే చూడాలి.

తెలంగాణలో ఆసరా పింఛన్లు 2014 నవంబరులో మొదలయ్యాయి. వృద్ధులు, వితంతువులతో పాటు తర్వాత బీడీ కార్మికులకూ అవి అందాయి. నిజామాబాద్ ప్రాంతానికి ఈ చివరి వర్గం ముఖ్యమైనది. ఎందుకో చూద్దాం.

వేలి చర్మంపై ఉండే సన్నని గట్లు ఎక్కడ ఆగాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్నది యంత్రం గుర్తించి, ఆధార్ నమోదునాటి నమూనాతో పోలుస్తుంది. వయసు పైబడితే చర్మం పొడిబారుతుంది, గట్లు అణిగిపోతాయి, ముడతలు అడ్డుగీతలవుతాయి. దీనికి వృత్తి తోడవుతుంది. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టే పనిలో వేళ్ళ కొసలకు విరామం ఉండదు. కూలి వెయ్యి బీడీల లెక్క. నలభై ఏళ్ళు ఆ లెక్కన అరిగిన వేలిని యంత్రం గుర్తించకపోతే ఆశ్చర్యమేముంది? చెరకు నరికినవారి చేతులూ అంతే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. యంత్రం చెప్పేది ముద్ర సరిపోలలేదని మాత్రమే. ఈమె ఆమె కాదని అది తేల్చలేదు. ముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు ప్రయోజనం నిరాకరించరాదని ఆధార్ ప్రాధికార సంస్థ 2017 అక్టోబరు 24నాటి ఉత్తర్వులోనే చెప్పింది. అయినా బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగికి యంత్రం మాటే చివరి మాటగా తోస్తుంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. కంటిపాప గుర్తింపు ఉంది, కాని శుక్లాలు ముదిరితే అదీ కష్టమే. ఓటీపీ ఉంది, కాని ఆధార్‌కు ఇచ్చిన నంబరు గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకుదైతే? ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువీకరణకు కేంద్రం 2021 నవంబరులో ముఖ గుర్తింపును తెచ్చింది. బోధన్ చక్కెర కర్మాగారం వంటి చోట్ల పనిచేసి భవిష్యనిధి పింఛను పొందేవారికి ఇది మేలే. అరిగిన వేళ్ళతో దానికి పనిలేదు. అయితే మంచి వెలుతురు, స్మార్ట్‌ఫోను, అడిగినప్పుడు కళ్ళు ఆర్పడం కావాలి. చెవి సరిగా వినపడని అవ్వకు ఆ మాట దగ్గర కూర్చుని చెప్పే మనిషి కూడా కావాలి.

కృత్యం: మీ ఊళ్ళో పింఛను పంచే రోజున ఒక గంట అక్కడ కూర్చోండి. ఎందరికి మొదటిసారే ముద్ర పడింది, ఎందరు వేళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టారు, ఎందరు వట్టి చేతులతో తిరిగి వెళ్ళారు అన్నది రాసుకోండి. పేర్లు, ఆధార్ సంఖ్యలు రాయవద్దు. తిరిగి వెళ్ళినవారికి ఏమని చెప్పి పంపారో వారి మాటల్లోనే రాయండి.