అరవై దాటిన కాళ్లకు దగ్గరి కొండ

అరవై దాటాక కొండలెక్కాలన్న కోరిక పుడితే చాలామంది చూపు హిమాలయాల మీదికి పోతుంది. ఆ వయసుకు తగినది ఇంటికి దగ్గర్లో ఉండి, మళ్లీ మళ్లీ ఎక్కగలిగే కొండేనని నా వాదన. తిరుపతివాళ్లకు శేషాచలం అలాంటిది. అసలు కారణం తొడ కండరంలో ఉంది. ఎక్కేటప్పుడు అది ముడుచుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది, దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువును ఆపుతుంది. దిగడంలో ఆయాసం తక్కువ, కానీ అలవాటు లేని కండరపు పోగులు సన్నగా చిట్లి మర్నాడో ఎల్లుండో నొప్పి పట్టేస్తుంది. ఒకసారి అలా దెబ్బతిని కోలుకున్న కండరం మాత్రం కొన్ని వారాలపాటు అదే శ్రమను చాలా తక్కువ నొప్పితో తట్టుకుంటుంది. ఏడాదికోసారి చేసే పెద్ద యాత్ర నాటికి ఈ రక్షణ కరిగిపోయి ఉంటుంది. శేషాచలం మీది తిరుమలకు వెళ్లే శ్రీవారిమెట్టు దారిలోని 2,388 మెట్లలో మొదట కొన్ని వందలే ఎక్కి దిగినా, రెండు వారాలకోసారి వెళ్తే అది నిలుస్తుంది.

మోకాళ్లు అరిగిపోవా అని అడుగుతారు. తిరుమలకే వెళ్లే మరో మెట్లదారి అయిన అలిపిరి దారిలో నిటారు మెట్లున్న చోటికి మోకాళ్ల పర్వతమన్న పేరే ఉంది మరి. అయితే కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. బరువు పడి నొక్కుకుని, మళ్లీ వదులైనప్పుడే కీలు ద్రవంలోని పోషకాలు దానికి బాగా అందుతాయి. మితమైన నడక దానికి తిండి. కీళ్లవాతం ముదిరినవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందు వైద్యుణ్ణి అడగాలి. దిగేటప్పుడు మోకాలి మీద పడే భారాన్ని చేతికర్ర కొంత పంచుకుంటుంది. మోకాలు మొరాయిస్తే కొండెక్కి, బస్సులో దిగడంలో చిన్నతనమేమీ లేదు. ఇంకో సంగతి: వయసుతోపాటు దాహం తెలియడమూ తగ్గుతుంది, దప్పికయ్యేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి.

చిరుతల భయం కూడా నిజమే. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. కాబట్టి పగటివేళ, గుంపుగా నడవాలి. మెట్లదారి దాటితే రక్షిత అడవి, అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు.

ఒకే కొండ విసుగనిపించదా అన్న ప్రశ్నకు శేషాచలమే జవాబు. ఘాట్ రోడ్డు పక్క చరియలో కింద గ్రానైట్, దానిపైన క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య గీతలో కనీసం 50 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైంది. దాన్ని గుర్తుపట్టడానికే రెండు మూడు రాకపోకలు కావాలి. రాతి నెర్రెల్లో దాగే బంగారు బల్లి తొందరపడేవాళ్ల కంటపడదు. ఎర్రచందనం ఆకు రాల్చి మోడై నిలబడ్డప్పుడు ఒకసారి, ఎండలు ముదిరాక పసుపు పూలు పూసినప్పుడు ఇంకోసారి వెళ్తే, అది వేరే చెట్టేమో అనిపిస్తుంది.