తంతివార్తకు సంకెల

ఒకప్పుడు ఇంటికి తంతి వచ్చినదనగానే అందరి గుండెలు దడదడలాడెడివి. 2013 జూలైతో మన దేశమున ఆ తంతిసేవ ముగిసినది. నేటి మన పిల్లలు దాని నెరుగరు. అయినను ఏలినవారు తంతి నెట్లు అదుపులో నుంచిరో వారికి చెప్పదగునని మా తలంపు.

జాబు కవరులో దాగి పోవును. తంతి యట్లు కాదు. గుమాస్తా దానిని చదివి, మాటలు లెక్కించి, సుంకము కట్టించుకొని యంత్రముపై కొట్టవలెను, అవతలివాడు వ్రాసికొనవలెను. కనుక దానిని చదువుటకు దొంగచాటు పని లేదు. ఆపుటకు ఒక్క ఉత్తరువు చాలును. మన దేశమున 1885 నాటి తంతిచట్టపు 5వ సెక్షను అట్టి యధికారమును సర్కారున కొసగినది.

పొరుగుననున్న సింహళమున, అనగా నేటి శ్రీలంకలో, 1915లో జరిగినది చూడుడు. అదియు ఆంగ్లేయుల యేలుబడిలోనిదే. మే నెలాఖరున కాండీ పట్టణములో బౌద్ధుల ఊరేగింపు మసీదు ముందు వాద్యములతో సాగుటను గూర్చి తగవు పుట్టి, అల్లరులు కొలంబో వరకు ప్రాకెను. ముస్లిముల అంగళ్లు, మసీదులు ధ్వంసమయ్యెను, ప్రాణములు పోయెను. అల్లరులను అణచుట ప్రభుత్వధర్మమే. కాని గవర్నరు రాబర్ట్ చామర్స్ జూన్ 2న ప్రకటించిన సైనికశాసనము అంతటితో ఆగలేదు. హెన్రీ పెద్రిసు అను యువకుని సైనిక న్యాయస్థానము రాజద్రోహిగా నిర్ణయింపగా, జూలై 7న కాల్చి చంపిరి. పిమ్మట స్వతంత్ర సింహళమునకు తొలి ప్రధానియైన సేనానాయక సైతము చెరసాల పాలయ్యెను.

ఈ మొర లండనుకు ఎట్లు చేరవలెను? ప్రపంచయుద్ధము కారణముగా తంతులకును, జాబులకును అప్పటికే తనిఖీ కలదు. శత్రువుల కొరకు కట్టిన ఆ గోడయే ప్రజల మొరకు అడ్డు నిలిచెను. తుదకు మనుష్యులే ఓడలెక్కి పోవలసి వచ్చెను. ఇ. డబ్ల్యు. పెరీరా ముఖ్యమైన పత్రమును బూటు అట్టలో దాచి కొనిపోయెనని చెప్పుదురు. తమిళుడైన పొన్నంబలం రామనాథన్ సింహళీయుల పక్షమున వాదించి, 1916లో లండనులో ఆ వృత్తాంతమును గ్రంథముగా ప్రకటించెను. తన భాష కానివారి కష్టమును తనదిగా నెంచిన ఆయన చరితము మనవంటి అల్పసంఖ్యాకులకు ఆదరణీయము.

వదంతి హాని చేయును. దానిని ఆపవలెననుట న్యాయమే. కాని వదంతిని ఆపు చేయియే నిజమునును ఆపగలదు. తంతి పోయినను ఆ చేయి పోలేదు. నేడు అల్లరులు కలిగినచోట ఇంటర్నెట్టును నిలుపుచున్నారు. వార్త రానప్పుడు అంతయు క్షేమమని తలపక, ఎందుకు రాలేదని అడుగుట మన పిల్లలకు నేర్పుదము.