ఢిల్లీ లేఖ: ముహూర్తానికి లొంగని గది

చలికాలం వచ్చిందంటే ఢిల్లీ నగరవాసికి ఒక అంకెతో పరిచయం తప్పదు. అది రెండున్నర మైక్రానులు. అంతకు మించని ధూళికణాలు ఊపిరితిత్తుల లోతులకు పోగలవు గనుక వాటి లెక్కను పత్రికలు ప్రతిదినం ప్రకటిస్తాయి. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రానులనుకుంటే, ఈ కణం అందులో ఇరవై ఎనిమిదో వంతు.

అటువంటి పొగమంచు ఉదయాన, రాజధాని శివార్లలోని ఒక కర్మాగారంలో అర మైక్రాను కణాన్ని సైతం వేరువేరుగా లెక్కించే గదిని చూచే అవకాశం నాకు కలిగింది. వెంటబెట్టుకుపోయినవారు తెనాలి ప్రాంతీయులైన ఇంజనీరు. ఇట్టి గదులు కట్టించడమే ముప్పయ్యేళ్ళుగా వారి వృత్తి. పేరు వ్రాయవద్దని కోరారు.

గుమ్మంలోనే నా పెన్సిలు, నోటు పుస్తకం తీసివేయించారు. ‘‘ఏమీ అనుకోకండి. కాగితం పీచు రాలుస్తుంది, పెన్సిలు గుండ రాలుస్తుంది. అయితే అన్నింటికన్న ఎక్కువ రాల్చేది మనిషేనండీ,’’ అన్నారాయన నవ్వుతూ. ఊరక నడిచే మనిషి ఒంటినుంచి, బట్టలనుంచి నిమిషానికి లక్షల సంఖ్యలో సూక్ష్మకణాలు రాలుతాయి. తలనుంచి పాదాలవరకు తెల్లని ముసుగు తొడిగించడం ఆ గదినుంచి మనలను కాపాడడానికి కాదు, మననుంచి ఆ గదిని కాపాడడానికి.

ఈ గదికి క్లీన్ రూము అని పేరు. 1960 దశకం ఆరంభంలో అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి నేటి రూపం ఇచ్చాడు. అంతకు పూర్వం గదిని ఎంత కడిగినా, ఎంత తుడిచినా గాలిలో ధూళి సుడులు తిరుగుతూనే ఉండేది. ఆయన ఉపాయం సులభమైనది: వడగట్టిన గాలిని పైకప్పునుంచి నేలవైపునకు ఒకే దిశలో, ఒకే వేగంతో ప్రవహింపజేయడం. పుట్టిన ధూళిని పుట్టినచోటనే ఆ ప్రవాహం క్రిందికి ఊడ్చుకుపోతుంది.

అంతర్జాతీయ ప్రమాణంలో అయిదవ తరగతి గది అంటే, ఘనపు మీటరు గాలిలో అర మైక్రాను, అంతకు పెద్ద కణాలు 3,520కి మించరాదు. సాధారణ నగరపు గాలిలో అవి కోట్లలో ఉంటాయి. ఈ తరగతి సాధించడానికి పైకప్పు నిండా హెపా ఫిల్టర్లు పరుస్తారు. గాలి సెకనుకు దాదాపు అర మీటరు వేగంతో దిగుతుంది. మూడు మీటర్ల ఎత్తు గదిలో గంటకు అయిదు వందల పర్యాయాలకు పైగా గాలి మారుతుందన్న మాట. పక్క గదికన్న ఇక్కడ ఒత్తిడి పది పదిహేను పాస్కళ్ళు అధికంగా ఉంచుతారు. తలుపు తెరిస్తే గాలి బయటికి పోవాలేగాని లోనికి రాకూడదు.

ఇదంతా యంత్రాల సంగతి. కాని ఇంజనీరుగారు పట్టుబట్టి చెప్పినది ప్రణాళిక సంగతి. ముడి సరుకు ఏ త్రోవన వస్తుంది, మనిషి ఏ త్రోవన వస్తాడు, చెత్త ఏ త్రోవన పోతుంది అన్నవి గోడ లేవకముందే తేలాలి. గోడకు, నేలకు నడుమ మూల ఉండరాదు, వంపు ఉండాలి. మూలలో ధూళి కాపురం చేస్తుంది. కరెంటు పోతే పంకాలు నిలుస్తాయి, పంకాలు నిలిస్తే ఒత్తిడి పడిపోతుంది. కనుక ప్రత్యామ్నాయ విద్యుత్తు అలంకారం కాదు, ఆ గదికి ప్రాణవాయువు. పరీక్ష సైతం మూడు దశలలో జరగాలి: కట్టడం ముగిసినపుడు ఒకసారి, యంత్రాలు పెట్టి మనుషులు లేనపుడు ఒకసారి, మనుషులు పనిచేస్తుండగా మరొకసారి.

‘‘మా వృత్తిలో పెద్ద శత్రువు ధూళి కాదండీ, ముహూర్తం,’’ అన్నారు. యౌవనంలో తాము పనిచేసిన ఒకచోట ప్రారంభోత్సవ తేదీ ముందే నిర్ణయమైందట. ఆరుబయట పడివున్న గాలిగొట్టాలను తుడవకనే బిగించారు. గోడల సున్నపు పొడి తీయకముందే ఫిల్టర్లు అమర్చారు. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు తీశారు. తరువాత ఎనిమిది నెలలపాటు కణాల లెక్క దారికి రాలేదు. చివరకు ఫిల్టర్లన్నీ తీసి పారవేయవలసి వచ్చింది. ఆ ఖర్చు ఏ ఫొటోలోనూ కనిపించలేదు.

ఈ మాట నాకు మొహాలీని గుర్తుకు తెచ్చింది. చండీగఢ్ పక్కన సెమీకండక్టర్ కాంప్లెక్స్ స్థాపనకు కేంద్ర మంత్రివర్గం 1976లో అనుమతించింది. 1984లో ఉత్పత్తి మొదలైంది. 1989 ఫిబ్రవరి 7న అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఇట్టి కర్మాగారంలో మంటకన్న పొగ తక్కువ శత్రువు కాదు; మంట చేరని చోటుకు సైతం మసి చేరుతుంది. మళ్ళీ నిలదొక్కుకోవడానికి ఏళ్ళు పట్టింది, ఈలోగా ప్రపంచం సాగిపోయింది. అయినా ఆ సంస్థ బ్రతికింది. అంతరిక్ష శాఖ క్రిందికి వెళ్ళింది, పిదప ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వశాఖకు వచ్చింది. ఇస్రో రాకెట్ల కొరకు రూపొందిన ‘విక్రమ్’ ప్రాసెసర్ అక్కడి 180 నానోమీటర్ల శ్రేణిలోనే తయారైంది. 2025 సెప్టెంబరు 2న దానిని ఢిల్లీలో ప్రధానికి అందజేశారు.

కాగా 2021 డిసెంబరులో కేంద్రం ఈ రంగానికి 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. 2024 ఫిబ్రవరి 29న గుజరాత్‌లోని ధొలేరాలో 91,000 కోట్లతో టాటాల కర్మాగారానికి మంత్రివర్గం సమ్మతించింది. నెలకు 50,000 సిలికాన్ పలకలు లక్ష్యం. 2025 ఆగస్టు 12న అనుమతి పొందిన నాలుగింటిలో ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన చిప్పుల ప్యాకేజింగు యూనిట్ ఒకటి. తెలుగువారు సంతోషించదగినదే.

అయితే ఈ అంకెలు విన్నపుడల్లా మన పార్లమెంటు సభ్యులు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నవి. కరెంటు పోయిన క్షణాన ఏమి జరుగుతుంది? మంట ఒక గదిలో పుడితే పక్క గదికి పొగ పోకుండా ఏ ఏర్పాటున్నది? గాలిగొట్టం బిగించే ఫిట్టరుకు, రాత్రి నేల తుడిచే కార్మికురాలికి ఎవరు శిక్షణ ఇస్తున్నారు? వారి చేయి సరిగా లేకపోతే వేల కోట్ల యంత్రం కేవలం అలంకారమే.

బయటకు వస్తూ, వీటి ప్రారంభోత్సవాలకు మంత్రులను ఎక్కడ నిలబెట్టాలని అడిగాను.

‘‘అద్దం బయటనండీ,’’ అన్నారాయన. ‘‘మూడో పరీక్ష అయిన తరువాత.’’

గేటు వద్ద నా పెన్సిలు, పుస్తకం తిరిగి ఇచ్చారు. బయట పొగమంచు ఇంకా విడిపోలేదు.